తొంభై ఏడో నీతి

ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ మహారాజుగారు ఏలేవారు. సగం పూట ఏలేవారు, మిగతా సగం ఉపదేశాలిచ్చేవారు. అవి వినలేక అందరికన్నా ఎక్కువ అవస్థ పడింది ఆస్థాన విదూషకుడు తిప్పన. పారిపోదామంటే అతని ఆసనం సరిగ్గా సింహాసనం పక్కనే ఉండేది మరి!

ఒకసారి రాజుగారు పొరుగు దేశంలో కొత్తరకం చదువు చూసొచ్చారు. వచ్చీ రాగానే కోటలో నీతిశాల వెలిసింది. బల్లలు, గంటలు, గోడల నిండా దేశపటాలు. అన్నిటికీ మించి, రాజుగారు స్వయంగా చెప్పి రాయించిన 'ప్రచండ నీతిసాగరం' అనే పుస్తకం. అది కంఠతా పట్టినవాళ్లకి 'సద్గుణసంపన్నుడు' అని రాజముద్ర వేసిన పట్టా!

"ఇక ఓబయ్య పంతులు వీధిబడి దేనికి ప్రభూ? ఇసుకలో అక్షరాలు దిద్దించడమేగానీ, అక్కడ నీతిపాఠమన్నదే లేదు. మూయించేద్దాం," అన్నాడు మంత్రి కీర్తిసేనుడు.

తిప్పనకి ఒళ్లు మండింది. తన వేలు పట్టి అక్షరాలు దిద్దించింది ఆ పంతులే. డెబ్బై ఏళ్ల మనిషికి ఆ బడి తప్ప ఇంకో లోకం లేదు.

"ఊరికే మూయిస్తే భయపడి మూయించారంటారు ప్రభూ," అన్నాడు తాపీగా.

"భయమా? మాకా?" రాజుగారి మీసం లేచింది. "సోమవారం పోటీ! ఓడిన బడి మూత!"

"ప్రశ్న నేనడుగుతాను. ఒక్కటే. అదీ మీ పుస్తకం గురించే."

మంత్రి లోలోపల మురిసిపోయాడు.

సంగతి తెలిసి పంతులు పరుగున వచ్చాడు. "ఒరే తిప్పిగా! మా పిల్లలు ఆ పుస్తకం మొహమైనా చూడలేదు కదరా! నా బడి నువ్వే మూయిస్తావా?"

"మీ పిల్లలు రోజూ ఎలా ఉంటారో అలా ఉంటే చాలు పంతులుగారూ."

"నీకు చిన్నప్పట్నుంచీ ఇదే తిక్క!" అని తల కొట్టుకుంటూ వెళ్లాడాయన.

సోమవారం సభ కిటకిటలాడింది. తిప్పన లేచాడు. "నీతిసాగరంలో తొంభై ఏడో నీతి ఏమిటి?"

నీతిశాల పిల్లలు క్షణం తడుముకోలేదు. "పెద్దలకు ఎదురు చెప్పరాదు!" అన్నాడొకడు. "పరుల సొమ్ము ఆశించరాదు!" అన్నాడు ఇంకొకడు. పదిమందీ పది నీతులు చెప్పారు.

వీధిబడి పిల్లల్ని అడిగితే, ముందు చాప మీద కూర్చున్న నాగులు అనే పిల్ల, "తెలీదండీ," అంది. మిగతావాళ్లూ అదే మాట.

"అయిపోయింది! బడికి తాళం వేయండి!" అన్నాడు మంత్రి.

"ఆగండి మంత్రిగారూ. పదిట్లో ఏది సరైనదో పుస్తకం చెప్పినవారే తేల్చాలిగా?" అంటూ తిప్పన రాజుగారి వైపు తిరిగాడు.

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "తొంభై ఏడు... ఆఁ! రాజు మాట్లాడుతుండగా ఆవలించరాదు!"

సభ చప్పట్లు కొట్టింది.

"చిత్తం. కానీ పుస్తకంలో ఉన్నవి తొంభై ఆరే ప్రభూ. రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ నిద్ర ముంచుకొచ్చింది, అది వేరే సంగతి. అందులో మొట్టమొదటిది 'అబద్ధమాడరాదు'."

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పట్టాలున్న పిల్లలు తలలు వంచుకున్నారు.

"లేనిదాన్ని అడగడం మోసం కాదా?" అని ఎగిరాడు మంత్రి.

"ఏమిటని అడిగానుగానీ, ఉందన్నానా?"

రాజుగారి మొహం కందగడ్డ అయింది. పంతులు వైపు తిరిగారు. "పంతులూ, తెలీదని అంత ధైర్యంగా చెప్పడం వీళ్లకెలా నేర్పావు?"

"నేనేం నేర్పలేదు ప్రభూ. రోజుకి నాలుగుసార్లు వాళ్ల ముందు నేనే తెలీదంటుంటాను. విని విని అలవాటైనట్టుంది. మీ నీతిశాల గోడల మీది దేశపటాలూ నాకు తెలీవు. ఓడిన బడి మూత అన్నారుగానీ, మీ శాల మూయకండి. మా పిల్లలకి అవి చూపిస్తే పుణ్యముంటుంది."

"మరి మన శాలలో నీతి ఎలా చెప్పించాలి ప్రభూ?" అని నీరసంగా అడిగాడు మంత్రి.

రాజుగారు అలవాటుగా చెయ్యెత్తారు. నోరు తెరిచారు. తిప్పన ఉపదేశం వినడానికి పళ్లు బిగించుకున్నాడు.

చెయ్యి మెల్లగా దిగింది. "మాకు... తెలీదు."

నాగులు గబుక్కున పక్కకి జరిగి చాప తట్టింది. "అయితే ఇలా రండి. తెలీదన్నవాళ్లని పంతులుగారు పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చెప్తారు."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. చేతి కంకణం తీసి తిప్పన ఒళ్లోకి విసిరి, కిరీటం సర్దుకుంటూ వెళ్లి చాప మీద కూర్చున్నారు.