మూడుసార్లు ఎగిరిన కౌజు

కోత అయిపోయిన కొర్ర చేను గట్టున, ఒక రేగుపొదలో కౌజుపిట్ట అయిదు పిల్లలతో కాపురం ఉండేది. గింజకు కొదవ లేదు, పురుగుకు కొదవ లేదు. లేనిదల్లా మనశ్శాంతి. ఆ చేనికి రోజూ ఒక గుంటనక్క వచ్చేది. అది మామూలు నక్క కాదు, పశువైద్య కళాశాల కిటికీ కింద మూడేళ్ళు పడుకుని పాఠాలన్నీ విన్న నక్క. విన్నది ఎవరికైనా చెప్పకపోతే దానికి తిన్నది అరగదు.

ఒకరోజు నక్క నేరుగా పొదవైపే నడిచింది. పిల్లల మీదికి దాని చూపు పోకూడదని కౌజు దాని ముక్కు ముందు నుంచే బుర్రున లేచి, అవతలి గట్టు మీద వాలింది. నక్క వెంటపడింది. కౌజు మళ్ళీ ఎగిరింది, ఈసారి దగ్గర్లోనే దిగింది. మూడోసారి పది బారలు కూడా పోలేక నాగటి చాల్లో కూలబడింది. నాలుగోసారి రెక్క విప్పబోతే అది కదల్లేదు.

నక్క తీరిగ్గా వచ్చి ఎదురుగా కూర్చుంది. "మూడుసార్లు ఎగిరావు. ఇంక నీవల్ల కాదు, నాకు తొందరా లేదు."

"తింటే తిందువుగాని, ఒక్క మాట చెప్పు మామా," అంది కౌజు. "పొద్దుటినుంచీ తిరుగుతున్న కాళ్ళు అలవలేదు. మూడుసార్లు ఎగిరిన రెక్కలు చచ్చుబడ్డాయి. రెండూ నా ఒంటివే కదా, ఎందుకలా?"

నక్కను పాఠం అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. అది గొంతు సవరించుకుంది.

"కండలో సన్నటి పోగులుంటాయి పిల్లా. ఒక్కో పోగులో కంటికి కనబడని సంచులు, వాటినిండా కాల్షియం. ఎగరమని కబురు రాగానే సంచులు తెరుచుకుని కాల్షియం బయటికి దూకుతుంది, పోగు బిగుసుకుంటుంది. దాన్ని మళ్ళీ సంచిలోకి తోడేస్తేనే పోగు సడలేది."

"ఒక్కో రెక్క విసురుకీ ఇంత జరుగుతుందా?"

"ప్రతి విసురుకీ. ఒక్క క్షణంలో ఎన్నోసార్లు."

కౌజు చావు సంగతే మరిచిపోయింది. పుట్టినప్పటినుంచీ మోస్తున్న రెక్కల వెనక ఇంత పని నడుస్తోందని దానికి ఎవరూ చెప్పలేదు. "మరి కాళ్ళు?"

"కాళ్ళలో నిదానపు పోగులెక్కువ. వాటి సంచులు చిన్నవి. కాల్షియం కొంచెంగా వదులుతాయి, మెల్లగా తోడుకుంటాయి, అందుకే రోజంతా పనిచేస్తాయి. రెక్కల్ని ఆడించే నీ రొమ్ముకండలోవి దూకుడు పోగులు. పెద్ద సంచులతో ఒక్కసారిగా కుమ్మరిస్తాయి, అంతే వేగంగా తోడేస్తాయి. వెంటవెంటనే పనిచెబితే మాత్రం డస్సిపోతాయి. సంచులు సరిగ్గా తెరుచుకోవు."

"నాలో ఇంత ఉందా," అని కౌజు తనలో తనే అనుకుంది. అప్పుడే దాని రెక్క చివర చిన్నగా వణికింది. కౌజు ఆ వణుకు పైకి కనబడనివ్వలేదు. "పాపం ఆ సంచులు, ఇంక ఎప్పటికీ తెరుచుకోవా మామా?"

"ఎందుకు తెరుచుకోవు? కదలకుండా కాసేపు కూర్చుంటే చాలు, మళ్ళీ ఎప్పట్లాగే..." నక్క నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

కౌజు బుర్రున లేచింది. నక్క ఎగిరి పట్టబోతే పళ్ళకు ఒక్క ఈక చిక్కింది.

కౌజు చేను అవతల దిగి, చుట్టు తిరిగి కాళ్ళతోనే పొద చేరింది. పిల్లల్ని రెక్క కింద పొదువుకుంది. ఆ బుల్లి రెక్కల్లోనూ అవే సంచులు ఉన్నాయన్న మాట తలుచుకుని చాలాసేపు కదలకుండా కూర్చుంది.

ఆకలితో ఉన్నవాడు పాఠం మొదలుపెడితే, వినేవాడికి అలుపు తీరకముందే ముగించుకోవాలి.