సింగప్ప గెలిపించిన ఆటలు

“మళ్ళీ కొండపేట ఆట ఎత్తావంటే పళ్ళు రాలగొడతాను కామయ్యా! ఎప్పటి గెలుపురా అది? ఆ రోజు పుట్టిన దూడలు ఇప్పుడు నాగలి లాగుతున్నాయి.”

“ఎప్పటిదైతేనేం సోమన్నా, గెలుపు గెలుపే. కొండపేటోళ్ళని మట్టి కరిపించింది సింగప్ప కాదూ?”

“మరి ఈ ఏడంతా మట్టి కరిచింది ఎవరంట? మనమేగా! ఉగాది నుంచి ఒక్క ఆట గెలిచామా? మనోడు కూతకెళ్ళి చస్తుంటే ఆయన పక్కన నిలబడి మీసం దువ్వుకుంటాడు.”

“ఆ మీసం చూసే కదా అప్పుడు కొండపేటోళ్ళు జడుసుకున్నారు!”

బెల్లం కొట్టు కామయ్యకీ, కంసాలి సోమన్నకీ ఇది రోజూ ఉన్న తగువే. రాజుగారి చెడుగుడు జట్టుకి సింగప్ప పెద్ద. ఎవడు కూతకెళ్ళాలో, ఎవడు కాలు పట్టాలో చెప్పేది ఆయనే. ఆయన మొనగాడని సగం ఊరు, దండగమారి అని సగం ఊరు. బెల్లం కొట్లో ఈగలు ముసిరినా కామయ్యకి పట్టదు. కుంపట్లో నిప్పు ఆరిపోయినా సోమన్నకి పట్టదు. బరిలోకి దిగమంటే ఒక్కడికీ సగం కూతకి ఊపిరుండదు. అరవడానికి మాత్రం బోలెడంత ఉంది.

ఆ రోజు ఆ అరుపులు కోట గోడ దాటి నరసరాజుగారి మధ్యాహ్నం కునుకు చెడగొట్టాయి. రాజుగారు మండిపడ్డారు.

“ఆ ఇద్దర్నీ లాక్కురండి. సింగప్పనీ, ఆటగాళ్ళనీ కూడా పిలవండి. సింగప్ప పనిమంతుడో కాదో ఇవాళ తేలాల్సిందే. తేలేదాకా ఈ సభలో ఎవరికీ గుక్కెడు మంచినీళ్ళు లేవు. నాక్కూడా!”

“తమక్కూడానా ప్రభూ?” అన్నాడు మంత్రి.

“అన్నాను కదా!” అన్నారు రాజుగారు. అప్పుడే ఆయనకి దాహమేస్తోంది.

సింగప్ప వచ్చాడు. పట్టు తలపాగా, నూనె రాసిన మీసం. పెళ్ళికొచ్చాడా, సంజాయిషీకొచ్చాడా తెలీకుండా ఉంది వాలకం. వెనకాల ఆటగాళ్ళు, మోకాళ్ళ మీద ఇంకా పచ్చిగా దెబ్బలు.

“జట్టు పుచ్చిపోయింది ప్రభూ,” అన్నాడు సింగప్ప. “వీళ్ళకి ఊపిరి లేదు, రోషం లేదు. అందర్నీ తరిమేసి, ఆట కోసం తమరిచ్చిన పొలాలు లాగేసుకోండి. నాకు కొత్తోళ్ళనివ్వండి, చూపిస్తాను.”

ఆటగాళ్ళలో పెద్దవాడు ఎర్రన్న. ఆ పొలం మీద గింజలతోనే వాడింట్లో పొయ్యి వెలిగేది. వాడి మొహం పాలిపోయింది.

“ప్రభూ, ఆయన ఎలా ఆడమంటే అలాగే ఆడాం...”

“నోర్ముయ్! ఓడినోడికి మాటలొకటి!” అని కసిరాడు సింగప్ప.

రాజుగారు పెదాలు తడుపుకున్నారు. గొంతు ఎండిపోయేవాడికి న్యాయం కూడా తొందరగా తేలిపోతుంది. “సరే, పొలాలు...” అనబోయారు.

పక్కన ఎవరో దగ్గారు. తవిటయ్య. రాజుగారికి తాంబూలం చుట్టి ఇవ్వడం అతని కొలువు. చేతులు ఆకుల్ని వదలవు, నోరు మనుషుల్ని వదలదు.

“ప్రభూ, అంత మొనగాడి నోట గెలుపుల ముచ్చట వినకుండా తీర్పేంటి? సింగప్పగారూ, కొండపేట ఆట ఏమైందండీ?”

సింగప్ప ఛాతీ పొంగింది. “గెలిపించాను!”

“దానికి ముందు రేవుపాలెం మీద?”

“గెలిపించాను!”

కామయ్య ఈల వేశాడు.

“మరి ఈ ఏడు ఉగాది ఆట?”

“ఓడిపోయారు.”

“జాతర ఆట?”

“ఓడిపోయారు.”

“మొన్న అమావాస్య వెళ్ళాక ఆడింది?”

“చిత్తుగా ఓడిపోయారు, దద్దమ్మలు!”

తవిటయ్య ఆకుకి సున్నం రాస్తూ తలూపాడు. “గెలిస్తే మీరు గెలిపించారు. ఓడితే వాళ్ళే ఓడిపోయారు. అంటే, ఓడిన ఆటల్లో తమరి చెయ్యి లేదన్నమాట.”

“లేనే లేదు! నా చెయ్యి పడితే ఓడతారా?”

“విన్నారుగా ప్రభూ! ఈ ఏడు అన్నీ ఓటములే. అంటే సింగప్పగారు ఏడాదంతా పనిలోకే రాలేదు. మరి ఖజానాలో జీతం ఎవరికిచ్చినట్టు?”

సభ గొల్లుమంది. సింగప్ప మీసం వాలిపోయింది.

“అయ్యో, లేదు ప్రభూ! వచ్చాను! ప్రతి ఆటకీ వచ్చాను! ఎవడు కూతకెళ్ళాలో, ఎవడు పట్టాలో అన్నీ నేనే చెప్పాను!”

“అలా చెప్పండి మరి!” అన్నాడు తవిటయ్య. “చెప్పి ఆడించి గెలిస్తే ‘గెలిపించాను’. చెప్పి ఆడించి ఓడితే ఏమనాలి?”

“ఓడి... ఓడిం...”

“ఓడించాను అనండి, మాటేగా!”

రాజుగారు సింహాసనం మీంచి ముందుకి వంగారు. “మన జట్టుని ఓడించేవాణ్ణి ఏమంటారు తవిటయ్యా?”

“శత్రువంటారు ప్రభూ. శత్రువుకి చెరసాల ఉంది. పనిలోకి రానోడైతే తిన్న జీతం కక్కితే సరిపోతుంది. ఏది కావాలో పాపం ఆయన్నే కోరుకోనివ్వండి.”

సభంతా చెవులు రిక్కించింది. తలపాగా సర్దుకుంటూ సింగప్ప గొణిగాడు.

“ఈ ఏడు నేను పనిలోకి రాలేదు ప్రభూ.”

సోమన్న నేల మీద దొర్లాడు. కామయ్య మొదట బిగబట్టుకున్నాడు గానీ, ఆగలేక సోమన్న భుజమ్మీద పడి మరీ నవ్వాడు. రాజుగారు నవ్వీ నవ్వీ “నీళ్ళు, నీళ్ళు!” అని అరిచి, చేతికున్న కడియం తీసి తవిటయ్య ఒళ్ళోకి విసిరారు. పొలాలు ఆటగాళ్ళవేనన్నారు. కొత్త పెద్ద దొరికేదాకా జట్టుని ఎర్రన్నే చూసుకోమన్నారు.

సింగప్ప మాత్రం ఖజానా దగ్గర కూడా బేరమాడాడు. జ్వరమొచ్చి పడుకున్న రోజులైనా కొట్టెయ్యమన్నాడు. ఖజానా గుమాస్తా ఒప్పుకోలేదు.

“ఏడాదంతా రానోడికి జ్వరమెప్పుడొచ్చిందండీ?”

పెళ్ళాం మెళ్ళో కాసుల పేరు జోలికెళ్తే ఆవిడ పొయ్యిలో కట్టె తీసింది. చివరికి పట్టు తలపాగా, ఎక్కే గుర్రం అమ్మి ఏడాది జీతం తిరిగి కట్టాడు, అణా తగ్గకుండా నూట నలభై నాలుగు వరహాలు.