మారింది: పెళ్ళికొడుకు

మండపేటలో తెలివైనవాళ్ళెవరని ఎవర్ని అడిగినా ఏమోనంటారు గానీ, చిల్లంగివారి అన్నదమ్ముల్ని అడిగితే మాత్రం తడుముకోకుండా "మేమే" అంటారు. పెద్దవాడు పేర్రాజు, నడిపివాడు గవర్రాజు, చిన్నవాడు సత్తిపండు. ముగ్గురూ కాకినాడలో మూడు నెలలు ఫోన్ యాప్‌లు చెయ్యడం నేర్చుకొచ్చి, ఇంటి అరుగుమీద బోర్డు కట్టారు. ఆ మూడు నెలల్లో వాళ్ళకి బాగా వంటబట్టింది ఒక్కటే మాట. "ఆబ్జెక్టులో ఏ ఫీల్డు మారినా, దాన్ని చూస్తున్నవాళ్ళందరికీ వెంటనే చెప్పాలి." మేష్టారు చెప్పిన మిగతా సంగతులు దారిలో ఎక్కడో జారిపోయాయి.

వాళ్ళ పిన్ని వీరవేణి కూతురు శ్రావ్యకి పెళ్ళి కుదిరింది. వియ్యంకుడు త్రినాథరావుగారికి ముక్కుమీద కోపం. పిలుపుల్లో ఎక్కడ తేడా వస్తుందోనని వీరవేణికి నిద్రపట్టడం లేదు. "ఒరేయ్, ముహూర్తమో హాలో మారిందంటే చుట్టాలందరికీ తెలియాలి. యాప్ చేసిపెట్టండర్రా" అంది.

"దాందేముంది పిన్నీ! శ్రావ్య ఒక ఆబ్జెక్టు, పెళ్ళికొడుకు ఒక ఆబ్జెక్టు..." అన్నాడు పేర్రాజు.

"మా పిల్ల ఆబ్జెక్టేంట్రా, నీ మొహం!"

"అంటే పేరున్న డబ్బాలాంటిదన్నమాట. లోపల ఫోను నంబరూ, ఊరూ, పెళ్ళయిందా లేదా, అన్నీ అరలుంటాయి. వాటినే ఫీల్డులంటాం. యాప్ పెట్టుకున్న చుట్టాలే దాన్ని చూస్తున్నవాళ్ళు. అర మారగానే వాళ్ళ ఫోన్లు మోగుతాయి."

వీరవేణికి ఏమీ అర్థంకాలేదు గానీ, సొంత అక్క కొడుకులు కదా, ఒప్పుకుంది. అదే ఆవిడ చేసిన తప్పు.

మొదట పెళ్ళినాటి రాత్రి భోజనాల వేళ మారింది. గవర్రాజు యాప్‌లో మార్చాడు. అంతే! ఊరూవాడా ఫోన్లు మోగాయి. తీసి చూస్తే ఒకటే మాట: "మారింది." ఏం మారింది? ఎవరికి తెలుసు! చుట్టాలంతా వీరవేణికి ఫోన్లు. ఆవిడకి చెవి వాచిపోయింది.

"ఏం మారిందో చెప్పొద్దురా?" అని కేకలేసింది.

"చెప్పమని మేష్టారు అనలేదే. మారితే చెప్పమన్నారు, చెప్పాం" అన్నాడు సత్తిపండు బాధపడిపోతూ. అయినా పిన్ని మాట కాదనలేక, ఏ ఆబ్జెక్టు మారిందో కూడా చెప్పేలా చేశారు.

మర్నాడు పెళ్ళికొడుకు ఫణీంద్ర కొత్త నంబరు తీసుకున్నాడు. గవర్రాజు అర మార్చాడు. ఇంకేముంది! అందరి ఫోన్లలోనూ "మారింది: పెళ్ళికొడుకు."

వీరవేణి తమ్ముడు వెంటనే ఫోన్ చేశాడు. "మంచి పని చేశావక్కా, ఆ పాతవాడి ముక్కు నాకు మొదట్నుంచీ నచ్చలేదు." ఆ ముక్కు తండ్రి త్రినాథరావుగారు మాత్రం ఫోన్ చెయ్యలేదు. కారేసుకుని వచ్చేశారు. ఆయన్ని చల్లబరిచేసరికి వీరవేణికి రెండు బిందెల మజ్జిగ అయిపోయింది.

"ఏ అర మారిందో, పాతదేమిటో, కొత్తదేమిటో రాయండ్రా! అసలు ఎంతమంది చూస్తున్నారో కూడా లెక్కపెట్టండి!" అంది ఏడుపుగొంతుతో.

అంతే, లెక్కపెట్టారు. చూసినవాళ్ళ సంఖ్యకి ఒక కొత్త అర పెట్టారు. పెళ్ళిరోజు పొద్దున్న ఎవరో ఒకాయన యాప్ తెరిచి చూశాడు. లెక్క ఒకటి పెరిగింది. పెరిగిందంటే మారినట్టేగా? అందరి ఫోన్లూ మోగాయి. మోగాయని అందరూ చూశారు. చూశారని లెక్క పెరిగింది. పెరిగిందని మళ్ళీ మోగాయి. ఇంక ఆగితే ఒట్టు. సన్నాయివాళ్ళు మా పాట వినబడట్లేదని సన్నాయిలు కింద పెట్టేశారు.

"యాప్ ఆపెయ్యండ్రా!" అని వీరవేణి బతిమాలింది.

"ఆపడం కూడా మార్పే కద పిన్నీ" అన్నాడు పేర్రాజు. ఏం చెప్తాం!

చివరికి ఆ లెక్క అర పీకేస్తే గోల ఆగింది. అప్పుడు త్రినాథరావుగారు అందరిముందూ లేచి నిలబడ్డారు. "అమ్మా, తాళి కట్టేవేళ ఒక్క ఫోను మోగిందా, మా వాణ్ణి తీసుకుని వెళ్ళిపోతాను. ఆనక నన్ననుకోవద్దు." శ్రావ్య మొహం చిన్నబోయింది.

ముహూర్తం దగ్గరపడింది. గవర్రాజు ఫోను చూసుకుని ఒక్కసారిగా తెల్లబోయాడు. "అన్నయ్యా, కొంప మునిగింది! శ్రావ్యకి 'పెళ్ళయిందా' అని ఒక అరుంది. తాళి కట్టగానే అందులో 'లేదు' పోయి 'అవును' అవుతుంది. ఫోన్లు మోగుతాయి. పెళ్ళి ఆగిపోతుంది!"

"మార్చకుండా ఊరుకుంటే?"

"పెళ్ళయిన పిల్లని కాలేదని రాస్తామా? తప్పు కాదూ!"

ముగ్గురూ తలలు పట్టుకున్నారు. సత్తిపండు గంతేశాడు. "చూస్తున్నవాళ్ళకే కదా చెప్పాలి? చూసేవాళ్ళే లేకపోతే?"

ఎంత తెలివి! అన్నలిద్దరూ వాణ్ణి ముద్దుపెట్టుకున్నారు.

పేర్రాజు మైకందుకుని "వడ్డన మొదలైంది" అన్నాడు. ఇంకేముంది, రెప్పపాటులో హాలు ఖాళీ. మిగిలినవాళ్ళని ఒక్కొక్కర్నీ అడిగారు. "యాప్ ఉందా? అయితే దయచేయండి." త్రినాథరావుగారిని చెరో రెక్కా పట్టుకుని మండపం దింపారు. పంతులుగారికీ యాప్ ఉంది, ఆయన్నీ మంత్రం మధ్యలోనే పంపారు. పెళ్ళికొడుక్కీ ఉంది. పీటతో సహా ఎత్తి బయట పెట్టారు.

"నీకూ ఉందామ్మా?" అన్నాడు గవర్రాజు.

శ్రావ్య తలూపింది. ఆ పిల్లనీ నడిపించుకొచ్చేశారు. ఆఖరికి తమ ముగ్గురి ఫోన్లలోనూ ఉందని గుర్తొచ్చి, తామూ బయటికొచ్చి, తలుపేసి తాళం పెట్టారు.

లోపల పళ్ళెంలో కొబ్బరికాయమీద మంగళసూత్రం ఒక్కటే ఉంది. బయట వీరవేణి తలుపు బాదుతోంది. పంతులుగారు గడియారం చూసి "అమ్మో, ఘడియ దాటిపోతోంది!" అని అరిచారు.

పేర్రాజు తలుపుకి అడ్డంగా నిలబడి, ఆయనకి ధైర్యం చెప్పాడు.

"ఇంక మీరు నిశ్చింతగా కట్టించెయ్యండి పంతులుగారూ. లోపల చూసేవాడన్నవాడు ఒక్కడూ లేడు!"