సున్నం వేయని గోడ

సువర్చలమ్మగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే ఆవిడ దగ్గర వీణ నేర్చుకునే ఆడవాళ్ళు స్వరాల్లో తప్ప ఇంకెక్కడా తమకు సందేహాలే లేనట్టు నటిస్తుంటారు.

నీలవేణి మాత్రం ఆ రోజు ఉండబట్టలేక అడిగేసింది. "అమ్మా, ఇరుకింట్లో ఉండేవాళ్ళు స్నేహాలు చేసుకోకూడదా?"

ఆమె బాధ ఇదీ. ఆరేళ్ళ కూతురు ఇందు బళ్ళో జాహ్నవితో జట్టు కట్టింది. జాహ్నవి వాళ్ళది పెద్ద ఫ్లాటు. ఇందు తల్లితో అక్కడికి నాలుగుసార్లు వెళ్ళి, ఆడుకుని, పకోడీలు తినొచ్చింది. జాహ్నవి తల్లి ప్రవల్లిక ప్రతిసారీ నవ్వుతూ "మరి మీ ఇంటికెప్పుడండీ?" అనేది. ఈ ఊరొచ్చిన రెండేళ్ళలో నీలవేణి నోరారా మాట్లాడింది ఆవిడతోనే. అయినా "ఇంటికి సున్నాలు వేయిస్తున్నామండీ" అని తప్పించుకుంది. ఆ సున్నాలు నాలుగు నెలలుగా పడుతూనే ఉన్నాయి.

నిజానికి ఉన్నవి మేడమీద రెండు గదులు. ముందు గదిలో ఒక గోడ పెచ్చులూడిపోయింది. "ఈ కొంపకి ఎవరినీ పిలవకు, నా పరువేం కావాలి?" అని భర్త సుధాకరం ఆజ్ఞ. ఆ పరువు ఏనాడూ చీపురు పట్టిన పాపాన పోలేదు. నిన్న ఇందు బడినుంచి వచ్చి, "జాహ్నవి ఇంక నన్ను పిలవదటమ్మా. మనం పిలవట్లేదుగా" అని, అన్నం ముట్టకుండా పడుకుంది.

సువర్చలమ్మగారు అంతా విన్నారు. సడలిన తీగ ఒకటి బిగించి, "ఆవిడ నంబరివ్వు" అన్నారు.

ఆదివారం పొద్దున్నే నీలవేణి తలుపు తీసేసరికి గుమ్మంలో గురువుగారు, చేతిలో సున్నం బకెట్టు. వెనక పాత చీర కట్టుకుని, మూడు కుంచెలు పట్టుకుని ప్రవల్లిక. జాహ్నవి అప్పటికే వాళ్ళిద్దరి మధ్యనుంచి దూరి ఇందుని వెతుక్కుంటూ లోపలికెళ్ళిపోయింది.

"సున్నాలు వేయిస్తున్నానన్నావటగా. కూలీలం వచ్చాం," అన్నారు సువర్చలమ్మగారు.

నీలవేణి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పైటలో పెట్టుకుంది. సుధాకరం పేపరు కిందికి దించి "ఇదేంటండీ..." అనబోయాడు.

"మంచి సమయానికున్నావు నాయనా. ఆ మంచం ఒక కొస పట్టు."

పట్టక ఏం చేస్తాడు? మంచం, ట్రంకు పెట్టె, బియ్యం డబ్బా అన్నీ డాబా మీదికి చేరాయి. పిల్లలిద్దరూ సున్నం జోలికి రాకుండా ఆ మంచాన్ని బస్సు చేసుకుని, బియ్యం డబ్బాకి కూడా టిక్కెట్టు కొట్టారు.

లోపల నాలుగు కుంచె దెబ్బలు పడ్డాక నీలవేణి నోరు విప్పింది. "ప్రవల్లికగారూ, నేను మీకు అబద్ధం చెప్పానండీ."

"తెలుసులెండి. నాలుగు నెలలు సున్నం వేయడానికి మీదేమన్నా గోలకొండ కోటా?" ప్రవల్లిక గోడమీంచి చూపు తిప్పలేదు. "మరి మిమ్మల్నెప్పుడూ గురువారమే ఎందుకు పిలుస్తానో ఆలోచించారా? మా ఆయన క్యాంపుకెళ్ళేది ఆ రోజే. ఆయనుంటే పిల్లలు సోఫా ఎక్కకూడదు, అద్దాల బల్ల ముట్టుకోకూడదు. మీరు మెట్లు దిగీ దిగగానే నేను గుడ్డ పట్టుకుని వేలిముద్రలు తుడుస్తాను, దొంగతనం చేసినదాన్లా."

నీలవేణి కుంచె ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ ముక్కు మీద సున్నం, ఈవిడ చెంప మీద సున్నం. ఇక నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకి సుధాకరం వంటగదిలోకి పారిపోయి, పంచదార ఎక్కడుందో మూడుసార్లు అడిగి, మొత్తానికి టీ పెట్టుకొచ్చాడు.

మధ్యాహ్నానికి మూడు గోడలు తెల్లబడ్డాయి. అందరూ డాబా మీద టమాటా పప్పు, అప్పడాలతో భోంచేశారు. ఇందు మారు అన్నం అడిగింది.

చేయి కడుక్కోగానే నీలవేణి ఉత్సాహంగా కుంచె అందుకుని పెచ్చులూడిన గోడవైపు నడిచింది. "ఈ ఒక్కటీ అవగొట్టేద్దామమ్మా!"

సువర్చలమ్మగారు ఆ కుంచె లాక్కుని బకెట్లో పడేశారు.

"ఉండనీవే. ఇన్నాళ్ళూ రావద్దనడానికి వాడుకున్నావు. వచ్చే ఆదివారం రమ్మనడానికి పనికొస్తుంది."