తిండి మీద సగం, ఇంటి మీద పావు

గోరింటపాడులో ముగ్గురు అన్నదమ్ములుండేవారు. పెద్దవాడు గవరయ్య, నడిపివాడు సన్యాసి, చిన్నవాడు పైడయ్య. ఊరి తెలివంతా తమ బుర్రల్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. అది కారిపోకుండా తలగుడ్డలు చుట్టుకునే పడుకునేవారు.

ఆ ఏడు మిరపకాయలమ్మితే సంచీడు వెండి రూపాయలొచ్చాయి. వానలు పడేలోగా ఆ డబ్బుతో ఇల్లు కప్పించుకోవాలి. ఇంతలో దేశాలు తిరిగి ఉప్పమ్మే కామిశెట్టి వాళ్ళ అరుగు మీద చతికిలబడ్డాడు. మాటల్లో మాటగా అన్నాడు:

"మన దేశంలో సగటు ఇంటివాళ్ళు వచ్చినదాంట్లో ముప్పాతిక తిండి మీదే పెట్టేస్తారు. కొండవతల దేశంలో సగమే తిండి మీద పెడతారు. పావు ఇంటి మీద పెడతారు. మిగతాది బట్టల మీదా, వైద్యం మీదా. అందుకే బాగుపడ్డారు."

ఆ సగటు ఇల్లు ఎవరిదని సన్యాసి అడిగాడు. ఎవరిదీ కాదన్నాడు శెట్టి. దిక్కులేని ఇంట్లో ఉంటూ కూడా అంత పద్ధతా అని ముగ్గురూ జాలిపడ్డారు.

శెట్టి వెళ్ళగానే గవరయ్యకి తమ పేదరికం గుట్టు తెలిసిపోయింది. ఇన్నేళ్ళుగా తిండి మీద ఒక్క రూపాయైనా పెట్టలేదు మరి. అంతే, అన్నం వండి, సగం డబ్బు కుండలో అన్నం మీద పోశారు. మొదటి ముద్దకే పైడయ్య పన్ను విరిగింది. అన్నం పలుకైందని కుండ ఎత్తి కాలవలో కుమ్మరించారు.

తరవాత ఇంటి మీద. సన్యాసి కప్పెక్కి పావు డబ్బు పరిచాడు. అది కాస్తా పాతగడ్డిలోకి జారింది. డబ్బు పైన లేకపోతే లెక్క తప్పుతుందని గడ్డంతా పీకేశాడు. ఇంకేముంది, గడ్డి గాలికి పోయింది, రూపాయలు వీధిలోకి దొర్లాయి. దారినపోయేవాళ్ళు ఏరుకుని, చల్లగా ఉండమని దీవించి వెళ్ళారు.

పైడయ్య దవడ వాచింది. వైద్యుడు శేషాచారి దగ్గరికెళ్ళారు. ఆయన కల్వంలో మందు నూరుతున్నాడు. గవరయ్య గుప్పెడు రూపాయలు ఆ మందు మీద గుమ్మరించాడు. వారం రోజుల మందు పాడైంది. ఆచారి నిదానంగా సంగతంతా విన్నాడు. పాడైన మందు కింద ఆ గుప్పెడూ తీసుకుని, తల పట్టుకుని అన్నాడు:

"మబ్బు కమ్ముతోంది. ఉన్నదాంతో గడ్డి కొని ముందు ఇల్లు కప్పుకోండి. ఇకనైనా నాలుగు రాళ్ళు వెనకేసుకోండి నాయనా."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క పని సరిగ్గా చేశారు. మిగిలిన డబ్బంతా పెట్టి బండెడు గడ్డి కొన్నారు. కాలవ గట్టున బండి వెనక వస్తోంది, వీళ్ళు ముందు నడుస్తున్నారు. అప్పుడు గవరయ్యకి ఆచారి చెప్పిన రెండోమాట గుర్తొచ్చింది. నాలుగు రాళ్ళు ఏరి, తిరిగి చూడకుండా ఒక్కొక్కటే వెనక్కి విసిరాడు.

ఎద్దులు బెదిరి కాడి విదిలించుకుని పారిపోయాయి. బండివాడు దూకి బతికాడు. బండి కాలవలోకి ఒరిగింది. ఆ చప్పుడు విని, వెనక బాగానే కూడుతున్నట్టుందన్నాడు సన్యాసి. గవరయ్య మీసం దువ్వుకున్నాడు.

ఇంకాస్త దూరం నడిచాక వాన మొదలైంది. కాలవలో గడ్డి మోపులు వాళ్ళ పక్కగా తేలుతూ ముందుకు పోతున్నాయి. పైడయ్య వాచిన దవడ పట్టుకుని కాసేపు వాటినే చూశాడు.

"పాపం అన్నయ్యా, ఎవరో తెలివితక్కువవాళ్ళు వానాకాలం ముందు గడ్డంతా నీళ్ళపాలు చేసుకున్నారు" అన్నాడు.