చుక్కచేప ఎగువకే ఎందుకు చూస్తుంది?

ఒకప్పుడు చుక్కచేపకు భయమంటే తెలియదు. ఒంటి నిండా ఎర్రచుక్కలతో కొండగెడ్డల్లో తిరిగేది. గెడ్డ అంటే కొండమీంచి దిగే వాగు. గెడ్డ ఎటు పారితే చేప అటే ముఖం పెట్టేది. నిద్రొస్తే రాలిన ఆకులా నీటివాలుకు పోయి, ఎక్కడ మెలకువ వస్తే అదే తన ఊరనుకునేది. వెనకనుంచి ఏమొస్తుందో ఎన్నడూ తిరిగి చూసింది కాదు.

చూడాల్సిన అవసరమూ లేకపోయింది. ఆ రోజుల్లో కొండ మీద గెడ్డలన్నీ ఒకటే. అన్నీ చల్లగా ఉండేవి, అన్నిట్లోనూ చేపలుండేవి.

తరవాత కొండ మీద మనుషులు పెరిగారు. ఒకచోట చెట్లు కొట్టారు, ఒకచోట మందలు దింపారు, ఒకచోట ఎర్రరాయి కోసం గుట్ట తవ్వారు. గెడ్డలు ఒక్కొక్కటే మారిపోతూ వచ్చాయి. పైకి మాత్రం అన్నీ ఎప్పటిలాగే మెరుస్తూ పారేవి. నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నారు అందరూ. ఏ గెడ్డ మంచిది, ఏ గెడ్డ చెడిపోయింది అని చూసినవాళ్ళు లేరు.

పెద్దగెడ్డ ఒడ్డున దోయిమతి అనే ఆవిడ ఉండేది. ఆమె భర్త పేరు డొంబు. ఆ ఏడు వాళ్ళిద్దరూ చోళ్ళు, అంటే రాగులు, చల్లడానికి పోడు కొట్టారు. చెట్లు నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లుతారే, అదే పోడు. కొట్టుకుంటూ కొట్టుకుంటూ గెడ్డ ఒడ్డుదాకా వచ్చేశారు. ఒడ్డున మన్ను నల్లగా, మెత్తగా ఉంటుంది. అక్కడ పంట బాగా వస్తుందని డొంబు ఆశ.

చివరికి ఒడ్డున ఒక్క ఏరుమద్ది చెట్టు మిగిలింది. దోయిమతి గొడ్డలి ఎత్తేసరికి పెద్దగెడ్డ మెల్లిగా అడిగింది, ఆ ఒక్కటీ ఉంచితే ఏం, నాకు మిగిలిన నీడ అదే కదా అని. దోయిమతి చెయ్యి ఆగింది. మొగుడి వైపు చూసింది. కొట్టెయ్, పొద్దు పోతోంది అన్నాడు డొంబు. ఆమె కొట్టేసింది.

ఇంటికి వచ్చాక కూడా ఆమెకు మనసు మనసులో లేదు. తొలకరి మబ్బు పట్టిన ప్రతిసారీ బయటికి వచ్చి గెడ్డవైపు చూసేది. ఏం చూస్తున్నావని డొంబు అడిగితే ఏమీ లేదనేది.

వాన ఒక్క పెట్టున కురిసింది. పట్టుకోవడానికి వేళ్ళు లేక ఒడ్డున మట్టి నిలవలేదు. బూడిదా బురదా కలిసి గెడ్డలోకి దూకాయి. చేపలన్నీ ఎప్పటిలాగే దిగువకు ముఖం పెట్టి ఉన్నాయి. బురద వెనకనుంచి వచ్చి వాటి మీద పడింది.

తెల్లారి దోయిమతి నీళ్ళకు వెళ్ళింది. గెడ్డ చోడంబలిలా చిక్కగా, ఎర్రగా ఉంది. ఒడ్డు పొడుగునా చుక్కచేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి పడి ఉన్నాయి. కుండ కింద పెట్టి ఒక్కొక్కదాన్నీ కదిపి చూసింది. ఏదీ కదల్లేదు. రెండు రాళ్ళ సందులో మాత్రం ఒకటి ఇంకా నోరు తెరిచి మూస్తోంది. దాని పొట్ట నిండా గుడ్లు.

"అక్కా, వెనకనుంచి వచ్చింది," అంది ఆ చేప. "మేం అటు చూడలేదు. ఎవరు పంపారక్కా ఇంత బురద?"

దోయిమతి కుండ చేతిలోకి తీసుకుంది. "వాన, తల్లీ. వాన," అంది.

గబగబా వెళ్ళి రాతి కింద ఊటనుంచి కుండలో మంచి నీళ్ళు పట్టి తెచ్చి చేపను అందులో వేసింది. చేప కాస్త తేరుకుంది. పొద్దు వాలేలోగా గుడ్లు పెట్టకపోతే అవి తన కడుపులోనే చచ్చిపోతాయని, కొండ మీద చుక్కచేపలకు ఇక మిగిలింది ఆ గుడ్లేనని చెప్పింది. ఇంకో గెడ్డకు తీసుకుపొమ్మని బతిమాలింది. దోయిమతి కుండ నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. డొంబుకు చెప్పడానికి కూడా ఆగలేదు.

దారి పొడుగునా ఆమెకు ఒకటే గుబులు. ఎండ ఎక్కుతోంది. కుండ వేడెక్కితే? కొంగు తడిపి కుండ చుట్టూ కట్టింది. మూతి మీద పచ్చి ఆకులు కప్పింది. పది అడుగులకోసారి దించి ఆకు తొలగించి చూసేది. చేప బతికే ఉందా? ఉంది. మళ్ళీ ఎత్తుకునేది.

మొదట వచ్చింది ఎండగెడ్డ. వెడల్పుగా, తళతళలాడుతూ పారుతోంది. రండి రండి, నాకంటే పెద్ద ఇల్లు మీకెక్కడ దొరుకుతుంది అని పిలిచింది. దోయిమతికి ప్రాణం లేచొచ్చింది. వెనకా ముందూ చూడకుండా చేపను దించేసింది. దించీ దించగానే చేప ఒంటి బిగువంతా పోయి పక్కకు వాలింది. ఆమె చెయ్యి పెట్టి చూస్తే నీళ్ళు స్నానానికి కాచినట్టున్నాయి. ఒడ్డున ఒక్క చెట్టయినా ఉంటే కదా. చప్పున చేపను తీసి కుండలో వేసింది. తన చెయ్యి ముందు పెట్టి ఉండాల్సిందని తనను తానే తిట్టుకుంది. ఎండగెడ్డ మూతి ముడుచుకుని పారిపోయింది.

రెండోది పాలగెడ్డ. ఈసారి దోయిమతి ముందు చెయ్యి పెట్టింది. చల్లదనానికి వేళ్ళు జివ్వుమన్నాయి. ఒడ్డున నీడ కూడా ఉంది. చేపను దించితే అది హాయిగా ఈదింది. అడుగున తోకతో చిన్న గుంట చేసి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. దోయిమతి గట్టు మీద కూలబడి, పొద్దుటినుంచీ పట్టిన ఊపిరి వదిలింది.

ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. పైనుంచి సన్నటి మన్ను, పిండి జల్లెడ పట్టినట్టు, దిగుతూ వచ్చింది. చూస్తుండగానే గుడ్ల మీద పొరలా కప్పేసింది. చేప తోకతో ఊడ్చింది. మళ్ళీ కప్పింది. మళ్ళీ ఊడ్చింది. ముత్యాల్లా మెరిసే గుడ్లు ఒక్కొక్కటే తెల్లబడి, పాలిపోయి, చచ్చిపోయాయి.

దోయిమతి ఒడ్డు వెంబడి పైకి పరుగెత్తి చూసింది. వంపు తిరిగాక ఎవరో దింపిన గేదెల మంద గెడ్డలో పడుకుని పొర్లుతోంది. గట్టంతా గిట్టలతో చితికిపోయింది.

తిరిగి వచ్చేసరికి చేప కదలకుండా ఉంది. సగం గుడ్లు పోయాయి, సగం ఇంకా కడుపులో ఉన్నాయి. అది ఏడవలేదు. ఇకనుంచి పైన ఏముందో చూడకుండా నన్ను దించకక్కా అని మాత్రం అంది. దోయిమతి సరేనంది. తన పోడు కళ్ళ ముందు ఆడింది. నోరు తెరిచి ఆ మాట చెప్పబోయింది. చెప్పకుండానే చేపను తీసి కుండలో వేసుకుని నడిచింది.

మూడో గెడ్డ దగ్గర ఆమె చేపను కుండలోంచి తియ్యనే లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. అడుగున మన్ను లేదు, గులకరాళ్ళే. అయినా ఆమెకు ఎందుకో భయం వేసింది. వంగి ఒక రాయి తిప్పి చూసింది. దాని కింద పురుగు లేదు, పీత లేదు. ఇంకో రాయి తిప్పింది. అక్కడా ఏమీ లేదు. తల ఎత్తి పైకి చూస్తే ఎర్రరాయి తవ్విన గుట్ట కనిపించింది. ఆ గుట్టలోంచి ఊరే నీళ్ళే ఈ గెడ్డలోకి దిగుతున్నాయి.

"నాలో మురికి చుక్కయినా లేదు కదా. ఎందుకు పోతున్నావు?" అని గెడ్డ అడిగింది.

"నీలో ఎవరూ లేరు కదా, అందుకే పోతున్నాను," అంది దోయిమతి.

పొద్దు పడమటి కొండ మీదికి జారింది. కుండలో నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. చేప ఒకసారి పక్కకు ఒరిగి, మళ్ళీ కష్టపడి లేచింది. దోయిమతి ఇక నడవలేదు, పరుగెత్తింది. ముళ్ళు గీరుకుంటున్నా చూసుకోలేదు. ఇంకో గెడ్డ ఉందో లేదో కూడా ఆమెకు తెలియదు.

గుబురు చెట్ల కింద, ఎవరికీ కనిపించకుండా, ఒక పిల్లగెడ్డ పారుతోంది. ఒక్క అంగలో దాటేయొచ్చు. దోయిమతి చెయ్యి పెట్టింది. ఎముకదాకా చల్లదనం పాకింది. రాయి తిప్పింది. కిందంతా సందడి. ఇసుకరేణువులతో ఒంటి చుట్టూ గూడు కట్టుకునే చిన్న పురుగులు, ఒక పీత, రెండు కప్పపిల్లలు. ఎగువకు వెళ్ళి చూసింది. ఊట పుట్టే రాతిదాకా చెట్లే చెట్లు. ఇదే, ఇదే అనుకుంటూ పరుగున వచ్చి కుండ ఎత్తింది.

పిల్లగెడ్డ వద్దంది. తనకెవరూ అక్కర్లేదంది. చేప వస్తే చేప వెనక మనిషి వస్తుంది, మనిషి వెనక గొడ్డలి వస్తుంది అంది. దోయిమతి దండం పెట్టింది. చేప ప్రాణం పోతోందని మొరపెట్టుకుంది. పిల్లగెడ్డ ఒక్క మాట అడిగింది.

"పెద్దగెడ్డ మా అక్క. మా అక్క ఒడ్డున ఆఖరి మద్దిచెట్టు కొట్టింది ఎవరు?"

కుండలో చేప వింటోంది. దోయిమతికి ఆ సంగతి తెలుసు. మొగుడు కొట్టమన్నాడు అనొచ్చు. వాన అని ఇంకోసారి అనొచ్చు. చేప మొప్పలు ఆగి ఆగి కొట్టుకుంటున్నాయి.

"నేనే," అంది దోయిమతి. "ఆ బురద నా పోడుదే. ఈ చేపకు పొద్దున్న అబద్ధం చెప్పాను."

కుండ మూతి మీది ఆకులు తీసేసింది.

"నన్ను దించక్కా," అంది చేప. "కోపం తరవాత పడతాను. గుడ్లు ముందు."

పిల్లగెడ్డ కాస్త పక్కకు జరిగి, రాళ్ళ మధ్య నిలకడైన చోటు చూపించింది. చేప అక్కడ గులకరాళ్ళు తోసి గుంట చేసింది. మిగిలిన గుడ్లన్నీ పెట్టింది. చల్లటి నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి వాటిని తాకుతూ పారాయి. ఈసారి ఏ మన్నూ దిగలేదు.

పని అయ్యాక చేప ఎప్పటిలా దిగువకు తిరగలేదు. గుడ్ల ముందుకు వచ్చి, ఎగువకు ముఖం పెట్టి నిలబడింది. నీళ్ళు దాన్ని వెనక్కి తోస్తున్నాయి. అది తోక ఆడిస్తూ ఉన్నచోటే నిలిచింది. కళ్ళు మూయలేదు.

దోయిమతికి జాలేసింది. కాసేపు నిద్రపోవే, పైనుంచి ఏమీ రాకుండా నేను కాపలా కాస్తాను అంది.

"కిందటిసారి పైనుంచి వచ్చింది నువ్వే కదక్కా," అంది చేప.

ఆ మాటలో కోపం లేదు. ఉన్న మాట అన్నట్టుగానే అంది. దోయిమతి ఖాళీ కుండ తీసుకుని ఇంటిదారి పట్టింది.

జరిగిందంతా డొంబుకు చెప్పింది. ఒడ్డున ఈ ఏడు చోళ్ళు చల్లొద్దంది. డొంబు గొణిగాడు, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే అడవిలోకి వెళ్ళి ఏరుమద్ది మొక్కలు మట్టితో సహా పెకలించి తెచ్చాడు. ఇద్దరూ కలిసి పెద్దగెడ్డ ఒడ్డున నాటారు. అవి బతుకుతాయో లేదోనని దోయిమతి రోజూ వేళ్ళతో మన్ను తడిమి చూసేది.

పొద్దుపొడుపున పిల్లగెడ్డకు వెళ్ళి దూరంగా నిలబడి కూడా చూసేది. గుడ్లు పగిలాయి. అగ్గిపుల్లంత పిల్లలు బయటికి వచ్చాయి. వాటికి ఎవరూ ఏమీ చెప్పలేదు. తల్లిని చూసి, అన్నీ ఎగువకే ముఖం పెట్టి వరసగా నిలబడ్డాయి.

పెద్దగెడ్డ మీద మళ్ళీ నీడ పడడానికి చాలా ఏళ్ళు పట్టింది. నీళ్ళు తేటపడడానికి ఇంకొన్నేళ్ళు. అప్పుడు పిల్లగెడ్డ చేపలు ఒక్కొక్కటే రెండు గెడ్డలూ కలిసే చోటిదాకా దిగి, అక్కడినుంచి పెద్దగెడ్డలోకి ఎక్కి వచ్చాయి. దోయిమతి జుట్టు అప్పటికి నెరిసింది. ఒడ్డున కూర్చుని వాటిని చూసి చేతులు జోడించింది. వాటిలో ఒక్కటీ ఆమె వైపు తిరగలేదు.

ఆ కొండ మీది జనం అప్పటినుంచే గెడ్డలను వేరు చేసి చెప్పుకోవడం నేర్చుకున్నారు. గొడ్డలి పట్టేముందు గెడ్డలో చెయ్యి పెట్టి చూస్తారు, రాయి తిప్పి చూస్తారు, పైదాకా నడిచి చూస్తారు. చుక్కచేప ఉంటే అది చేపగెడ్డ. దాని ఒడ్డున కొమ్మ కూడా విరవరు. చేప లేకపోతే అది ఉత్తగెడ్డ. ఉత్తగెడ్డను చూస్తే పైన ఎవరు ఏం చేశారని అడుగుతారు.

చుక్కచేప సంగతి అంటారా? అప్పటినుంచే అది ఎక్కడున్నా నీటికి ఎదురు తిరిగి, ఎగువకు ముఖం పెట్టి నిలబడుతుంది. నీళ్ళు ఎంత తోసినా, తోక ఆడిస్తూ ఉన్నచోటే ఉంటుంది. మీరు ఎప్పుడైనా కొండగెడ్డ ఒడ్డుకు వెళ్ళి వంగితే, మీ నీడ నీళ్ళ మీద పడీ పడకముందే అది రాతికిందికి దూరిపోతుంది. మీ చేతిలో గొడ్డలి ఉందో మొక్క ఉందో చూడటానికి ఆగదు.