గవరయ్య ఊ కొట్టిన రోజు

అనగనగా... ఏం, ఊ అనరేం? ఊ అంటేనే కదా కథ కదిలేది! ఆఁ, అలా అనాలి. ఇప్పుడు వినండి.

అనగనగా రేగులపాలెం అని ఒక ఊరు. ఆ ఊళ్లో సంత జరిగే వీధి చివర ఒక కథల సావిడి. స్థలం రాజుగారిదే కానీ, సావిడిని నడిపేది మాత్రం ఊరివాళ్లు. అందరూ ఒక సంఘంగా కూడి, సంతరోజు సాయంత్రం కథ పెట్టించేవారు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా వచ్చి కూర్చునేవారు. కథ అయ్యాక ఎవరికి తోచినన్ని గింజలు వాళ్లు తెచ్చి చేటలో పోసేవారు. సావిడి ఖర్చులన్నీ ఆ గింజలతోనే గడవాలి.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. కథ చెప్పేవాళ్లకి ఎదురుగా ఒకరు కూర్చుని ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగాలి. అలా మూడుసార్లు ఆగిందా, ఆ పూటకి కథ ముగిసినట్టే. చేట బోర్లించేసి ఇళ్లకి పోవడమే. వినేవాడు లేని కథకి గింజలడగడం తప్పని వాళ్ల పెద్దలు పెట్టిన ఏర్పాటు అది.

ఆ సావిడిలో పేరుమోసిన కథకుడు గవరయ్య. గొంతు విప్పాడంటే గుడిగంటే. జరీ కండువా ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి విసిరాడంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవారు. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ కథ చెప్పే పీట ఆయనదే.

ఒక ఏడు గాలివానకి సావిడి కప్పు కాస్తా లేచిపోయింది. రాజుగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. "తొలకరి లోగా కప్పు వేసుకున్నారా, సరే. లేదా, సావిడిని మిరపకాయల షావుకారు రత్తయ్యశెట్టికి ఇచ్చేస్తాం. గోదాము చేసుకుంటాడు."

తొలకరికి ఇంక మూడు సంతలే ఉన్నాయి. సంఘం పెద్ద కోటమ్మవ్వ గవరయ్యని పిలిచింది.

"నాయనా, నీ ఒక్క గొంతు మీద ఇంత కప్పు లేవదు. గాజులమ్మే నాంచారమ్మ కథలు బాగా చెబుతుందట. ఆమెనీ రమ్మన్నాను" అంది.

"రానీ అవ్వా, పాపం! నా కథ అయ్యాక జనం లేచేలోపు ఏదో ఓ ముక్క చెప్పుకుంటుంది" అన్నాడు గవరయ్య, కండువా సర్దుకుంటూ.

మొదటి సంత వచ్చింది. గవరయ్య కథ చెప్పాడు. చేట సగం నిండింది. తర్వాత నాంచారమ్మ పీట ఎక్కింది. గొంతు చూస్తే బొంగురు. చేతులు తిప్పడం రాదు, కళ్లు తిప్పడం రాదు. అయితేనేం, ఆవిడ నోరు తెరిచేసరికి చంకలో ఏడుస్తున్న పిల్లలు కూడా ఊరుకున్నారు. కథ ముగిసేసరికి చేట పొర్లిపోయింది.

గవరయ్య గుండె భగ్గుమంది. 'నా సావిడి! నా జనం! గాజుల మలారం మోసే మనిషికి ఇన్ని గింజలా?' అని లోలోపల ఉడికిపోయాడు. ఇంటికి పోతే అక్కడైనా చల్లగా ఉందా? భార్య బంగారమ్మ విస్తరేస్తూ అడిగింది.

"ఏమండీ, నాంచారమ్మ కథలో ఆ చేపపిల్ల చివరికి ఏమైందండీ? పొయ్యిమీద పాలున్నాయని మధ్యలో లేచొచ్చేశాను."

"చచ్చింది!" అని కసిరి, గవరయ్య అన్నం ముట్టకుండా లేచిపోయాడు.

మర్నాటి నుంచి వీధి వీధీ తిరిగి, "ఆవిడవన్నీ ఎంగిలి కథలు. ఎక్కడెక్కడో విని వచ్చి మన దగ్గర వల్లిస్తోంది" అని చెప్పుకొచ్చాడు. ఊరివాళ్లు తక్కువ తిన్నారా? "అవునా, ఎక్కడివో మనమూ విని చూద్దాం" అని బంధువుల్ని కూడా వెంటబెట్టుకుని రావడానికి సిద్ధమయ్యారు.

ఈ ఎత్తు పారలేదని గవరయ్య ఇంకో ఎత్తు వేశాడు. నాంచారమ్మ తన పిల్లలకి రాజకుమారి కథ చెబుతుంటే, దడి చాటున నిలబడి మొత్తం విన్నాడు. రెండో సంతకి తానే ముందు పీట ఎక్కి, ఆ కథనే పద్యాలతో, రాగాలతో ముస్తాబు చేసి చెప్పేశాడు. 'ఇప్పుడేం చెబుతావో చెప్పు' అన్నట్టు ఆవిడ వంక చూశాడు.

నాంచారమ్మ మొహం ముందు తెల్లబోయింది. తర్వాత నవ్వేసింది.

"ఎంత బాగా చెప్పారు అన్నయ్యగారూ! నాకంత బాగా రాదు. పెళ్లయ్యాక ఆ రాజకుమారికి అత్తారింట్లో ఏం జరిగిందో, అది మాత్రం చెబుతాను."

అంతే, జనం ముందుకి జరిగి కూర్చున్నారు. ఆ పూటా చేట పొర్లింది. గవరయ్యకి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

సంతసంతకీ రత్తయ్యశెట్టి కూడా వచ్చేవాడు. కథ వినడానికి అనుకునేరు! గోడ పొడుగునా మూరలు వేసుకుంటూ, ఇక్కడ ఎన్ని బస్తాలు పడతాయో చూసుకోవడానికి.

"ఇంక మిగిలిన ఈ ఒక్క సంతకీ చేట నిండితే తాటాకులొస్తాయి. నిండకపోతే సావిడి పోయినట్టే" అంది కోటమ్మవ్వ. జనమంతా ఒక్క గొంతుతో, "నాంచారమ్మ చేత చెప్పించండి!" అన్నారు. గవరయ్య పేరు ఎత్తినవాడు లేడు. ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది.

అప్పుడాయన లేచి, "అయితే ఊ నేను కొడతాను" అన్నాడు. ఎంత పెద్ద మనసో అని అందరూ మురిసిపోయారు. నాంచారమ్మ రెండు చేతులూ జోడించింది. ఆయన మనసులో మాట ఎవరికి తెలుసు? 'మూడుసార్లు నోరు మూసుకుంటే చాలు. సావిడి పోతే పోనీ. ఆవిడ నిలబెట్టిన సావిడి నాకెందుకు?'

మూడో సంత. నాంచారమ్మ ఏనుగుపిల్ల కథ మొదలుపెట్టింది. ఏరు దాటుతుంటే వరదొచ్చింది. తల్లి ఒడ్డునపడింది, పిల్ల ఇసుకదిబ్బ మీద చిక్కుకుపోయింది. ఊ కొట్టాల్సిన చోట గవరయ్య పెదవి బిగించాడు. కథ ఆగింది.

"అన్నయ్యగారికి గొంతు పట్టినట్టుంది, మంచినీళ్లివ్వండర్రా" అంది నాంచారమ్మ.

నీళ్లు తాగాడు. మళ్లీ కథ సాగింది. నీళ్లు పిల్ల మోకాళ్ల దాకా వచ్చాయి, పొట్ట దాకా వచ్చాయి. గవరయ్య మళ్లీ మౌనం. జనంలో గుసగుసలు బయలుదేరాయి. రత్తయ్యశెట్టి మూరలు మానేసి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తల్లి ఘీంకరిస్తోంది. నీళ్లు పిల్ల చెవుల దాకా వచ్చాయి. తొండం ఒక్కటే పైకి కనిపిస్తోంది. అంతలో ఎగువ నుంచి ఒక పెద్ద దుంగ కొట్టుకొస్తోంది..."

నాంచారమ్మ ఆగింది. సావిడంతా గవరయ్య నోటి వంకే చూస్తోంది. ఆయన పళ్లు గట్టిగా బిగబట్టాడు. బిగబట్టాడు కానీ, లోపల ఒకటే గోల. 'ఆ దుంగ పిల్లకి తగిలిందా? తప్పిపోయిందా? తొండం మునిగిందా? ఒక్క మాట చెప్పి చావదేం!' కథలు చెప్పడమే కానీ, ఒకరి ఎదుట కూర్చుని కథ విని ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

నాంచారమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా పీట దిగబోయింది. కోటమ్మవ్వ చెయ్యి చేట మీద పడింది.

"ఊ!" అన్నాడు గవరయ్య. "ఊ అంటున్నానుగా! కూర్చో తల్లీ, కూర్చో! ఆ పిల్ల ఏమైందమ్మా? చెప్పు!"

"చెల్లదు, ఆలస్యమైంది!" అన్నాడు రత్తయ్యశెట్టి.

"చేట మీద చెయ్యే పడింది, చేట బోర్లించలేదు. కానివ్వమ్మా" అంది కోటమ్మవ్వ.

తల్లి వరదలోకి దూకింది. వీపు అడ్డం పెట్టి దుంగని కాచుకుంది. పిల్లని తొండంతో చుట్టి ఒడ్డుకి చేర్చింది. గవరయ్య ఊ మీద ఊ కొట్టాడు. జరీ కండువా పాడైపోతుందని కూడా చూడకుండా దాంతోనే కళ్లు తుడుచుకున్నాడు. గింజలకి చేట చాలలేదు, గంపలు తెప్పించారు. తొలకరి చినుకు కొత్త తాటాకు మీదే పడింది. శెట్టి తన మిరపకాయలు వేరేచోట పోసుకున్నాడు.

గవరయ్య అసూయ ఆ పూటతో పోయిందా అంటే, అంత తేలిగ్గా పోతుందా? పై సంతకీ నాంచారమ్మ చేట నిండితే ఆయన కడుపులో చురుక్కుమంది. అయినా ఎదుట కూర్చుని ఊ కొట్టాడు. ఆ తర్వాత తానూ కథ చెప్పాడు. ఈమధ్య గవరయ్య కథ మునుపటికన్నా బాగుంటోందని బంగారమ్మే అంది.

కాబట్టి పిల్లలూ, ఎదుటివాళ్ల గొప్ప చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నవాడు తన నీడనే తగలబెట్టుకుంటాడు. అదే గొప్పని మనసిచ్చి విన్నవాడికి అందులో తన వాటా తనకి దొరుకుతుంది.